బంచ్ కుటుంబం, వర్జీనియా కోర్టు కాగితాలు: ఒక సవరణ కోరుతూ

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా తల్లి వైపు పూర్వీకుల గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. తరతరాలుగా తెల్లవారిగా లెక్కకెక్కిన బంచ్ కుటుంబానికి మూలపురుషుడు, 1640లో వర్జీనియా కోర్టు జీవితాంతం సేవ చేయాలని శిక్షించిన జాన్ పంచ్ అనే ఆఫ్రికన్ అనీ, ఆ సంగతిని డీఎన్ఏ పరీక్ష తిరుగులేకుండా రుజువు చేసిందనీ వ్యాసకర్త రాశారు. ఇందులో మొదటి మాటకు గట్టి ఆధారాలున్నాయి. రెండో మాట సరికాదు. ఆ కుటుంబం మూలాలు బయటపడింది ప్రధానంగా మూడు వందల ఏళ్లనాటి కోర్టు కాగితాలు, భూమి పట్టాలు, వీలునామాల వల్ల. డీఎన్ఏ వాటికి సాక్ష్యంగా నిలబడింది. ఏ లంకెకు ఏ ఆధారం ఉందో పాఠకులకు విడమరిచి చెప్పకపోతే, ఆ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పనికీ, ఆ కుటుంబానికీ అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా సివిల్ కోర్టు రికార్డు గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. నాలుగో తరగతి చదువుతున్న మనవరాలికి బడిలో వర్జీనియా చరిత్ర పాఠ్యాంశం కావడంతో, ఆ పిల్ల అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ రిచ్మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాకు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడి మైక్రోఫిల్ముల్లో, అచ్చయిన కౌన్సిలు మినిట్సులో నాకు కొత్త లోకం కనపడుతుందనుకుంటే, ఎదురైనదంతా చిరపరిచితమైన లోకమే. వాది, ప్రతివాది, సాక్షి వాంగ్మూలం, పూచీకత్తు, నాలుగు దిక్కుల హద్దులు, చదువురానివారి నిశాని, కింద గుమస్తా సంతకం. భాష వేరు, కాలం వేరు, కాగితం పుట్టే తీరు మాత్రం ఒక్కటే. ఆస్తి కోసమో, పన్ను కోసమో, శిక్ష కోసమో రాసిన కాగితాల్లో మనుషుల చుట్టరికాలు పక్కదారిన వచ్చి పడతాయి. వాటిని ఏరుకోవాలంటే ముందు ఆ కాగితం ఏ చట్టం కింద, ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలియాలి.

1640 నాటి తీర్పుతోనే మొదలుపెడతాను. హ్యూ గ్విన్ అనే భూస్వామి దగ్గర పనిచేస్తున్న ముగ్గురు సేవకులు పొరుగున ఉన్న మేరీలాండ్‌కు పారిపోయారు. వాళ్లను అక్కడే అమ్ముకోవడానికి అనుమతి ఇమ్మని గ్విన్ ఆ ఏడాది జూన్‌లో, గవర్నరూ ఆయన కౌన్సిలూ కూర్చునే జనరల్ కోర్టును కోరాడు. అది మిగతా సేవకులకు చెడ్డ దారి చూపినట్టవుతుందని కోర్టు ఒప్పుకోలేదు. వాళ్లను వెనక్కి రప్పించి జూలై 9న తీర్పు చెప్పింది. ముగ్గురికీ తలా ముప్పై కొరడా దెబ్బలు. విక్టర్ అనే డచ్చివాడు, జేమ్స్ గ్రెగరీ అనే స్కాట్లండువాడు తమ ఒప్పందపు గడువు ముగించి, ఆపైన యజమానికి ఒక ఏడాది, కాలనీకి మూడేళ్లు అదనంగా సేవ చేయాలి. మూడోవాడైన ‘జాన్ పంచ్ అనే నీగ్రో’ మాత్రం తన యజమానికి గానీ, అతని దగ్గర హక్కు పొందినవారికి గానీ, ఇక్కడైనా మరెక్కడైనా, తాను బతికినంత కాలం సేవ చేయాలి. ఒకే నేరానికి, ఒకే రోజున, ఒకే న్యాయస్థానం వేసిన ఈ రెండు రకాల శిక్షను చదివినప్పుడు, ఎన్నో తీర్పుల నకళ్లు చేతులమీదుగా పోయిన నాకు కూడా చాలాసేపు మాట రాలేదు.

మీ వ్యాసంలో పంచ్‌ను ‘అమెరికా మొదటి బానిస’ అన్నారు. అదీ సవరించవలసిన మాటే. 1619 ఆగస్టు చివర పాయింట్ కంఫర్ట్ రేవులో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపినప్పటి నుంచీ వర్జీనియాలో బలవంతపు చాకిరీ ఉంది. ఆ కాలనీలో జీవితాంత సేవను ఒక మనిషికి న్యాయస్థానం శిక్షగా విధించినట్టు మనకు దొరుకుతున్న తొలి కాగితం ఇది అనడం సమంజసం. వర్జీనియా చట్టసభ ఆఫ్రికన్ల జీవితాంత సేవను మామూలు సంగతిగా పరిగణించి శాసనంలోకి ఎక్కించింది ఇరవై ఏళ్ల తర్వాత, 1661లో. ఈ తేడా పాటించకపోతే పంచ్‌కు ముందు వచ్చిన వాళ్లందరినీ చెరిపేసినట్టవుతుంది.

పోతే, ఆ తీర్పులో పంచ్ వయసు లేదు. పెళ్లి ప్రస్తావన లేదు, బిడ్డల ప్రస్తావన లేదు. శిక్ష నమోదు చేయడానికి వాటితో పనిలేదు కాబట్టి గుమస్తా రాయలేదు. ఆ తర్వాత ఆ పేరుతో అతని జాడ చెప్పే మరో కాగితం మనకు మిగల్లేదు.

ఇక కుటుంబం వైపు నుంచి వద్దాం. 1662లో జాన్ బంచ్ అనే వ్యక్తికి న్యూ కెంట్ కౌంటీలో 450 ఎకరాలకు పట్టా మంజూరైంది. వర్జీనియా భూమి పట్టాల పుస్తకాలు 1623 నుంచి చాలావరకు చెక్కుచెదరకుండా మిగలడం ఆ రాష్ట్ర చరిత్రకారుల అదృష్టం. ఎవరైనా తన ఖర్చుతో ఒక మనిషిని కాలనీకి తీసుకొస్తే తలకు యాభై ఎకరాల చొప్పున భూమి ఇచ్చే పద్ధతి అక్కడ ఉండేది. అందువల్ల చాలా పట్టాల్లో, భూమి హద్దులతోపాటు, ఎవరెవరి తలలు లెక్కచూపి ఆ భూమి పొందారో ఆ పేర్లు కూడా ఉంటాయి. మన పాఠకులకు ఆసక్తి కలిగించే పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి. 1635 ప్రాంతంలో జార్జ్ మెనిఫీ అనే వర్తకుడు భూమి కోసం చూపిన తలల్లో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఒకరున్నారు. అప్పటికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టి పాతికేళ్లు కావస్తోంది. ఆ టోనీ ఈ భూమ్మీద బతికాడని మనకు తెలియడానికి కారణం, అతని తల యాభై ఎకరాలకు లెక్కకు రావడమే.

బంచ్ కుటుంబాన్ని వెతికేవారికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి న్యూ కెంట్ కౌంటీయే. 1787 జూలైలో జాన్ పోజీ అనే వ్యక్తి అక్కడి కోర్టు భవనానికి నిప్పుపెట్టాడు. మరుసటి ఏడాది అతన్ని ఉరితీశారు, కాలిపోయిన పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత పోగైన రికార్డులను అంతర్యుద్ధ కాలంలో భద్రత కోసమని రిచ్మండ్ తరలిస్తే, 1865 ఏప్రిల్ 3న నగరం ఖాళీచేస్తూ పెట్టిన మంటల్లో అవీ పోయాయి. జనరల్ కోర్టు పుస్తకాల్లో అత్యధిక భాగం కూడా ఆ రోజే బూడిదైంది. అంతకుముందే కొందరు న్యాయవాదులు తీసి ఉంచిన నకళ్లు, నోట్సుల పుణ్యాన కొంత మిగిలింది. రికార్డు గదిలో ఉద్యోగం చేసినవాడికి ఈ తేదీలు బంధువుల మరణ తేదీల్లా గుర్తుండిపోతాయి.

అసలు పుస్తకం కాలిపోయినప్పుడు ఏం చేస్తారు? మన కోర్టుల్లో భూమి తగాదా వచ్చినప్పుడు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు దొరక్కపోతే, అదే దస్తావేజు నకలు ఏ పాత దావాలోనైనా దాఖలైందేమోనని వెతుకుతాం. వర్జీనియాలోనూ అంతే. కౌంటీ సరిహద్దు దాటి భూమి కొన్నవాడి దస్తావేజు పొరుగు కౌంటీలో ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత మనవలు పంపకాల కోసం చాన్సరీ కోర్టుకెక్కితే (ఆస్తి పంపకాల వంటి తగాదాలు తేల్చే కోర్టు అది) తాత వీలునామా నకలు ఆ దావా కట్టలో ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఇలా కాలిపోయిన కౌంటీల కాగితాల నకళ్లను ఇతర కౌంటీల కట్టల్లోంచి వెలికితీసి ఒకచోట చేరుస్తోంది. చర్చి పెద్దల కమిటీ పుస్తకాలు మరో ఆధారం. నాలుగేళ్లకోసారి ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకరి పొలం హద్దులు మరొకరు తొక్కి చూడాలని అక్కడ చట్టం ఉండేది. ఆ వివరాలు చర్చి పుస్తకంలోకి ఎక్కేవి. వాటి వల్ల ఎవరి పక్కన ఎవరి పొలమో, తండ్రి పొలం ఎప్పుడు కొడుకు పేరుకు మారిందో తెలుస్తుంది.

బంచ్ కుటుంబం విషయంలో ఇంతటి మంటల తర్వాత కూడా మిగిలిన ఒక కాగితం, నా దృష్టిలో, మొత్తం కథకు ఆయువుపట్టు. 1705 ఆగస్టులో జాన్ బంచ్, సారా స్లేడెన్ అనే ఇద్దరు వర్జీనియా కౌన్సిలుకు అర్జీ పెట్టుకున్నారు. తామిద్దరూ పెళ్లి చేసుకోదలిస్తే బ్లిస్‌లాండ్ పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) పాస్టరు నిరాకరించాడని, తగిన ఉత్తర్వు ఇమ్మని వారు కోరారు. నిరాకరణకు కారణం 1691 నాటి చట్టం. స్వతంత్రులైన తెల్ల స్త్రీ గానీ పురుషుడు గానీ నీగ్రోను, ములాటోను (నల్ల, తెల్ల మిశ్రమ సంతతివారిని), ఇండియన్‌ను (అమెరికా ఆదివాసిని) పెళ్లాడితే మూడు నెలల్లోగా కాలనీ నుంచి శాశ్వతంగా బహిష్కరించాలని ఆ చట్టం చెప్పింది. సారా తెల్ల స్త్రీ. జాన్ బంచ్ ఆ చట్టం కిందికి వస్తాడా, రాడా అన్నదే ప్రశ్న.

కౌన్సిలు తేల్చుకోలేక విషయాన్ని అటార్నీ జనరల్ స్టీవెన్స్ థామ్సన్ అభిప్రాయానికి పంపింది. ములాటో పురుషుడికి తెల్ల స్త్రీ వల్ల కలిగిన సంతానాన్ని ములాటో అని పిలవడం సరైనదేనా అని ఆయన సందేహించాడు. నీగ్రో, తెల్ల దంపతుల బిడ్డకే ఆ పేరు చెల్లుతుందని ఆయన ఉద్దేశం. చట్టం శిక్ష విధించేది కాబట్టి దానిలోని పదాన్ని సాగదీసి అర్థం చెప్పకూడదన్నది న్యాయవాదులందరికీ తెలిసిన సూత్రమే. అదే సంవత్సరం అక్టోబరు చట్టసభ సమావేశంలో చేసిన శాసనం ఆ సందేహానికి తావు లేకుండా చేసింది. ఇండియన్ బిడ్డ, అలాగే నీగ్రోకు బిడ్డ, మనవడు, మునిమనవడు వరకూ అందరూ ములాటోలే అని నిర్వచించింది. ఒక జంట పెళ్లి అర్జీ, కొన్ని వారాల తేడాతో ఒక నిర్వచనం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవనిదే వాటి బరువు తెలియదు.

వంశం వెతికేవారికి ఇందులో దొరికింది ఏమిటంటే, 1705లో ఉన్న జాన్ బంచ్ తండ్రి ములాటోగా, తల్లి తెల్ల స్త్రీగా అటార్నీ జనరల్ ముందుకు వచ్చారు. అంటే ఆఫ్రికన్ పూర్వీకుడు తాత తరంలోనో అంతకు ముందో ఉండి ఉండాలి. బంచ్‌లు ఫలానా రంగువారని ఏ కుటుంబ బైబిల్లోనూ రాసుకోలేదు. ఆ పాస్టరు మాట్లాడకుండా పెళ్లి చేసి ఉంటే ఈ కాగితం పుట్టేదే కాదు. ఆ ఇద్దరూ మనసు ఎంత కష్టపెట్టుకుని ఆ అర్జీ రాయించారో తలుచుకుంటే, అదే అర్జీ వల్ల వాళ్ల వారసులకు తమ మూలం తెలిసిందని సంతోషించడానికి కూడా నాకు సంకోచంగా ఉంటుంది.

జీవితాంత సేవకు శిక్షపడిన మనిషి సంతానమైతే ఆ కుటుంబం 1662 నాటికే 450 ఎకరాల భూమికి హక్కుదారు ఎలా అయింది, అని మీ పాఠకులు అడగవచ్చు. జవాబు వైపు చూపేది, ఆ పట్టాదారు పుట్టిన తర్వాత వచ్చినదే అయినా, ఒక చట్టం. 1662 డిసెంబరులో వర్జీనియా చట్టసభ, బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని శాసనం చేసింది. ఇంగ్లండు ఆచారంలో బిడ్డకు తండ్రి స్థితి వర్తించేది. అంతకుముందు నార్తంబర్లాండ్ కౌంటీలో ఎలిజబెత్ కీ అనే యువతి తన తండ్రి స్వతంత్రుడైన ఇంగ్లీషువాడని, తాను బాప్టిజం పొందిన క్రైస్తవురాలినని వాదించి, కింది కోర్టు నుంచి చట్టసభ దాకా నడిచిన పోరులో 1656లో స్వేచ్ఛ సంపాదించింది. 1662 చట్టం ఆ దారి మూసేసింది. కానీ దాని రెండో వైపున, తల్లి స్వతంత్రురాలైతే తండ్రి బానిసైనా బిడ్డ స్వతంత్రుడే. వర్జీనియాలో వలస కాలం నుంచీ స్వతంత్రులుగా ఉన్న ఆఫ్రికన్ మూలాల కుటుంబాల్లో చాలా వాటికి మొదటి తల్లి ఒక తెల్ల సేవకురాలు కావడానికి కారణం ఇదే. ఆ స్త్రీల పేర్లు దొరికేది చాలావరకు నేరాల పుస్తకాల్లో. 1691 చట్టం ప్రకారం అలాంటి బిడ్డను కన్న తెల్ల స్త్రీ పదిహేను పౌండ్ల జరిమానా కట్టాలి, లేదా అయిదేళ్లు అమ్ముడుపోవాలి. బిడ్డను ముప్పై ఏళ్లు వచ్చేదాకా చర్చి పెద్దలు చాకిరీకి కట్టుబెట్టేవారు.

ఎలిజబెత్ కీ దావాలో ఒక వాంగ్మూలం గురించి చెప్పకుండా ఉండలేను. సుమారు ఎనభై ఏళ్ల ఎలిజబెత్ న్యూమన్ అనే వృద్ధురాలు సాక్ష్యం చెబుతూ, ఈ అమ్మాయి తండ్రిని అప్పట్లో బ్లంట్ పాయింట్ కోర్టుకు పిలిపించి, తన నీగ్రో స్త్రీకి బిడ్డను కలిగించినందుకు జరిమానా వేశారని చెప్పింది. ఒక కోర్టులో ఎప్పుడో జరిగిన సంగతి, ఆ ముసలామె జ్ఞాపకం మీదుగా మరో కోర్టు కాగితంలోకి ఎక్కి మనదాకా వచ్చింది. సాక్షి వయసు రాసే ఆనవాయితీ కూడా గమనించండి. పుట్టిన తేదీల రిజిస్టర్లు లేని ఆ కాలంలో చాలామంది వయసు మనకు తెలిసేది వాంగ్మూలాల మొదటి వాక్యంలోనే.

జాన్ బంచ్ దగ్గర నుంచి కిందికి వచ్చే లంకెలు మరో రకం కష్టం పెడతాయి. కుటుంబం శాఖలై ఒకటి వర్జీనియాలోనే లూయీసా కౌంటీ వైపు, ఇంకొన్ని నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా వైపు సాగాయి. తరం తరంలోనూ జాన్, శామ్యూల్, హెన్రీ అనే పేర్లే. ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేయడానికి గుమస్తా ‘జూనియర్’ అని రాస్తే, అతను పెద్దవాడి కొడుకే కానక్కరలేదు. అదే ఊళ్లో అదే పేరున్న చిన్నవాడు అనే దాని అర్థం. వీలునామాలో ‘కజిన్’ అంటే మేనల్లుడో అన్న కొడుకో కావచ్చు. ‘సన్ ఇన్ లా’ అని రాసినవాడు అల్లుడు కాక, భార్య మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు కావచ్చు. ‘అనాథ’ అంటే తండ్రి పోయిన మైనరు, తల్లి ఇంట్లోనే ఉన్నా సరే. వీలునామాలో పెద్దకొడుకు పేరు లేదంటే తండ్రి అతన్ని కాదనుకున్నాడని తేల్చేయకూడదు. 1785లో మార్చేవరకూ, వీలునామాలో ప్రస్తావించని భూమి చట్టరీత్యా పెద్దకొడుక్కే పోయేది, రాయవలసిన పని తండ్రికి లేదు. 1752కు ముందు వారి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఫిబ్రవరి 1690 అని ఉన్న తేదీ మన లెక్కలో 1691 అవుతుంది. ఇది తెలియక, పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని పూర్వీకులకు అపవాదు అంటగట్టినవారున్నారు.

తలపన్ను జాబితాలు కూడా ఇలాగే చదవాలి. పదహారేళ్లు దాటిన మగవాళ్లందరికీ పన్ను ఉండేది. తెల్ల ఆడవాళ్లకు ఉండేది కాదు. ఆఫ్రికన్ ఆడవాళ్లకు ఉండేది, 1668 చట్టం తర్వాత వారు స్వతంత్రులైనా సరే. అందువల్ల ఒక ఇంటి పన్నులో భార్యనో కూతురినో కలిపి లెక్కించారంటే, రంగు అన్న గడి ఆ జాబితాలో లేకపోయినా, అధికారి ఆ కుటుంబాన్ని ఎలా చూశాడో ఆ అంకె చెబుతుంది. కాలం గడిచి ఊళ్లు మారినకొద్దీ ఒక శాఖను తెల్లవారుగా, మరో శాఖను స్వతంత్ర వర్ణజనులుగా (బానిసలు కాని నల్ల, మిశ్రమ సంతతివారుగా) రాయడం మొదలైంది. రక్తం ఒకటే, రాసిన చేతులు వేరు. ఒబామా తల్లి స్టాన్లీ ఆన్ డనమ్ పూర్వీకులు తెల్లవారిగా నమోదైన శాఖలోంచి వచ్చినవారు.

ఇప్పుడు డీఎన్ఏ సంగతి. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోమును పరీక్షిస్తే, ఒక ఇంటిపేరు గల మగవారి మూలపురుషుడు ఏ ఖండంవాడో అంచనాకు వస్తుంది. బంచ్ ఇంటిపేరుతో నేటికీ ఉన్న కొందరు మగవారు ఈ పరీక్ష చేయించుకుంటే, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో విరివిగా కనిపించే గుర్తు వచ్చింది. 1705 అర్జీ చెప్పినదానికి ఇది చక్కగా సరిపోయింది. కానీ ఒబామా వంశంలో బంచ్ రేఖ ఒక దశలో కూతురి ద్వారా సాగింది. ఆపైన ఆయన అమ్మమ్మ, అమ్మ ద్వారా వచ్చింది. కాబట్టి బంచ్‌ల వై క్రోమోజోము ఆయనకు వచ్చే వీలే లేదు. ఆయన ఫలానా బంచ్ వారసుడని తేల్చినవి వీలునామాలూ దస్తావేజులే. పరీక్ష మరో విషయం కూడా చెప్పలేదు, చెప్పజాలదు కూడా: ఆ ఆఫ్రికన్ మూలపురుషుడి పేరు.

ఆ పేరు జాన్ పంచ్ అన్నది పరిశోధకుల అనుమితి. 2012 జూలై చివర ఆన్సెస్ట్రీ సంస్థ వంశ పరిశోధకులు తమ నిర్ణయాన్ని ప్రకటించి, పంచ్ ఒబామాకు ఇంగ్లీషు లెక్కలో పదకొండో ముత్తాత (గ్రేట్ గ్రాండ్‌ఫాదర్) వరసవాడని చెప్పినప్పుడు, అనేక రికార్డులు నశించినందున సంపూర్ణ నిశ్చయం సాధ్యం కాదనీ, దొరికిన ఆధారాలు గట్టిగా ఆ వైపే చూపుతున్నాయనీ వారే చెప్పుకున్నారు. వారి తర్కం సబబుగానే ఉంది. 1649లో లండన్‌లో అచ్చయిన వర్ణన ప్రకారం వర్జీనియాలో ఇంగ్లీషువారు పదిహేను వేల మంది ఉంటే ఆఫ్రికన్లు మూడు వందల మంది మాత్రమే. అంత చిన్న సమూహంలో, అదే యార్క్ నది ప్రాంతంలో, ఇంతగా కలిసే పేరున్న ఆఫ్రికన్ మరొకడు కాగితాల్లో లేడు. పంచ్, బంచ్ అనే రెండు పేర్లకు తేడా ఒక్క అక్షరమే. ద్రుతం మీద పకారం బకారం కావడం తెలుగు వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. పరుషం సరళంగా వినపడటం, విన్నది విన్నట్టు గుమస్తా రాసుకోవడం ఏ దేశపు కచేరీలోనైనా జరిగేదే.

అయినా, జాన్ పంచ్ కొడుకు 1662లో పట్టా పొందిన జాన్ బంచ్ అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆస్తి కొనేవాడు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. మధ్యలో ఒక లింకు లేకపోతే, స్వాధీనం, పన్ను రసీదులు, ఇరుగుపొరుగు సాక్ష్యం కలిపి చూసి, ఇది నమ్మదగ్గ హక్కేనని వకీలు అభిప్రాయం ఇవ్వవచ్చు. అలా ఇచ్చేటప్పుడు ఆ లింకు లేదన్న సంగతి తన అభిప్రాయంలో రాసితీరాలి. రాయకుండా అంతా సవ్యమని సంతకం పెట్టిన వకీలును ఎవరూ రెండోసారి నమ్మరు. బంచ్ వంశవృక్షంలో మిగతా కొమ్మలన్నిటినీ కాగితాలు మోస్తున్నాయి. ఈ ఒక్క మొదటి కణుపు దగ్గర మాత్రం అనుమితి మోస్తోంది. ఆ అనుమితి బలమైనదని నేనూ నమ్ముతున్నాను. పరిశోధకులు జాగ్రత్తగా ఉంచిన ‘బహుశా’ అన్న మాటను మనం తీసిపారేయడమే నాకు అభ్యంతరం.

అమెరికాలో ఇలాంటి వెతుకులాట ఇప్పుడు వేగం పుంజుకుంది. ఫ్యామిలీసెర్చ్ సంస్థ అక్కడి భూమి, వారసత్వ రికార్డుల చేతిరాతను యంత్రం చేత చదివించి, ఏ పదంతోనైనా వెతికే సౌకర్యాన్ని 2024లో అందుబాటులోకి తెచ్చింది. నేను ఒక సాయంత్రం కూర్చుని వెతికితే, ఎప్పుడో ఒక దస్తావేజులో సాక్షిగా నిశాని పెట్టిన మనుషుల పేర్లు వరసగా వచ్చాయి. ఇంతకుముందు సూచికలో పేరు ఎక్కేది అమ్మినవాడిది, కొన్నవాడిది. సాక్షులు, పొరుగువారు, ఆస్తి జాబితాలో పశువుల పక్కన పేరు మాత్రమే రాసిన బానిసలు సూచికల్లో ఉండేవారు కాదు. వారి వారసులకు ఇది చిన్న విషయం కాదు. అదే సమయంలో, యంత్రం పంచ్‌ను బంచ్ అని, బంచ్‌ను బర్చ్ అని చదివే అవకాశమూ ఉంది. దొరికిన పేరును అసలు కాగితం బొమ్మతో సరిచూసుకోకుండా ఎవరూ వంశవృక్షంలో ఎక్కించుకోరాదు.

కాబట్టి మీ పత్రిక వచ్చే ఆదివారం సంచికలో ఈ కింది సవరణ ప్రచురించాలని కోరుతున్నాను. ‘బంచ్ కుటుంబానికి ఆఫ్రికన్ మూలం ఉన్నదన్న సంగతికి 1705 నాటి కౌన్సిలు రికార్డు, ఆ కుటుంబపు మగవారి డీఎన్ఏ పరీక్షలు ఆధారాలు. ఒబామా ఆ కుటుంబానికి చెందినవారని చూపేవి భూమి, వారసత్వ కాగితాలు. ఆ మూలపురుషుడు 1640లో శిక్షపడిన జాన్ పంచ్ కావడం చాలావరకు సంభవమని పరిశోధకులు భావిస్తున్నారు. దాన్ని నేరుగా చెప్పే పత్రం దొరకలేదు. జాన్ పంచ్‌ను మొదటి బానిస అనడం పొరపాటు.’ స్థలం చాలకపోతే నా ఉత్తరంలో మిగతాదంతా తీసివేసి ఈ అయిదు వాక్యాలు వేసినా చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత కోర్టు ఉద్యోగి,
రాజమహేంద్రవరం